అద్దంలోంచి వచ్చిన గొంతు

"లోపలికి రావద్దు! వస్తే అరుస్తాను!"

ఆ మాట చెప్పడమే ఇల్లంతా అదిరేలా అరిచి చెప్పింది కూతురు పిచుక. గుమ్మంలో నిలబడ్డ హీరోయిన్ చేతిలో పాలగ్లాసు తొణికి ముంజేతి మీద కారింది. పాలు బాగా వేడిగా ఉన్నాయి. ఆమెకి ఆ సంగతి తెలియనే లేదు.

"పాలు తాగమ్మా. తాగి అరుద్దువుగాని," అంది నవ్వు తెచ్చిపెట్టుకుని.

"వద్దు. అందులో నువ్వేదో కలిపావు."

రాత్రి తను నటించే సీరియల్ ఎపిసోడ్ అయిపోయిన దగ్గర్నుంచీ ఇదే వరస. టీవీ కట్టెయ్యగానే పిల్ల అమ్మ పక్కనుంచి జారుకుని, మేనత్త గదిలోకి పరిగెత్తి తలుపేసుకుంది. నిద్రకళ్ళతో చేసే పేచీ అనుకున్నారు అందరూ. తెల్లారితే మరిచిపోతుందిలే అనుకున్నారు. తెల్లారింది, ఎండ కిటికీ దాటి మంచం మీదికి వచ్చింది. పిచుక మాత్రం మంచానికీ బట్టల బీరువాకీ మధ్య సందులో ముడుచుకుని కూర్చుని, కన్నతల్లిని దొంగని చూసినట్టు చూస్తోంది.

ఆ సీరియల్లో దెయ్యాన్ని చూసి మిగతా ఇళ్ళలో పిల్లలు కూడా జడుసుకునే ఉంటారు. కాసిని నీళ్ళు తాగి, అమ్మని కరుచుకుని పడుకుని ఉంటారు. వాళ్ళ ఇళ్ళలో ఆ దెయ్యం మొహం ఉండదు కదా. ఈ ఇంట్లో ఉంది. పొద్దున్నే లేచి పళ్ళు తోముకుంటుంది, పాలు కాస్తుంది.

కళ్ళజోళ్ళ షాపు తెరవడం మానుకుని మరీ కూర్చున్న భర్త ఈసారి తను రంగంలోకి దిగాడు. మంచం అంచున కూర్చుని, షాపులో ముసలివాళ్ళకి అద్దాల సంగతి విడమరిచి చెప్పే పద్ధతిలో మొదలెట్టాడు.

"పిచుకా, అదంతా యాక్టింగే తల్లీ. మంచిది వేసిందీ అమ్మే, చెడ్డది వేసిందీ అమ్మే. ఒకసారి ఇటు నిలబెట్టి తీస్తారు, ఒకసారి అటు నిలబెట్టి తీస్తారు. రెండూ కలిపి అతికిస్తారు. అంతే!"

పిచుక తండ్రి వంక ఎంతో జాలిగా చూసింది.

"నాన్నా, నిన్ను కూడా నమ్మించేసింది."

సీరియల్లోనూ సరిగ్గా ఇంతే. దెయ్యం ఇంట్లో చేరాక మొట్టమొదట మోసపోయేది మొగుడే. ఆయన నోరు వెళ్ళబెట్టి పెళ్ళాం వంక చూశాడు. ఇంకో రోజైతే ఇద్దరూ పడీపడీ నవ్వేవాళ్ళు.

"నేనేనే మీ అమ్మని!" హీరోయిన్ గుమ్మంలోంచి ఒక అడుగు లోపలికి వేసింది. పిల్ల బీరువాకి ఇంకా అతుక్కుపోయింది. ఆమె ఆ అడుగు వెనక్కి తీసుకుంది. "చూడు, ఇదే మొహం. గడ్డం మీద ఇదే పుట్టుమచ్చ."

"మొహం దానికీ ఇదే. పుట్టుమచ్చ కూడా ఉంది, చూశాను."

"మరి ఎలా తెలుసు నీకు, నేను అదని?"

"గొంతు," అంది పిచుక. "నువ్వు దాని గొంతుతో మాట్లాడుతున్నావు. మా అమ్మ గొంతు టీవీలో ఉంది."

హాల్లో ఎవరో కుర్చీలో కదిలిన చప్పుడయింది. వదిన.

హీరోయిన్‌కి అప్పుడు అర్థమైంది. పాలగ్లాసు గుమ్మం పక్కన నేల మీద పెట్టేసి హాల్లోకి వచ్చింది.

సీరియల్ మొదలైన నాటినుంచీ మొహం ఆమెది, గొంతు వదినది. మొహానికి వంక పెట్టలేం గాని గొంతు మాత్రం బొంగురు, పనికిరాదు అని మొదటి రోజే తేల్చి చెప్పాడు డైరెక్టర్. డబ్బింగ్ చెప్పడానికి పిలిచిన ఆవిడ తెర మీద ఈ పిల్లని చూసి ముచ్చటపడి, "నా గొంతుకి మొహం దొరికింది, దీన్ని వదిలేది లేదు," అని పట్టుబట్టి తమ్ముడికి చేసుకుంది. ఆ రకంగా ఆడపడుచు అయిన మనిషి ఆవిడ. టీవీలోకి వెళ్తే అమ్మకి అత్త గొంతు వస్తుందని పిచుక మాటలు నేర్చిన కొత్తలో అంటే, వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయారు ఇంటిల్లిపాదీ.

"విన్నారా వదినా?"

"విన్నాను."

వదిన భోజనాల బల్ల దగ్గర కూర్చుని గోరువెచ్చని నీళ్ళు గుక్క గుక్కగా తాగుతోంది. గొంతే బతుకుతెరువు కాబట్టి పొద్దున లేస్తే ఆవిడకి అదే మొదటి పని. ఇల్లు తగలబడుతున్నా మా అక్క ఆ నీళ్ళు తాగాకే అరుస్తుందని తమ్ముడు ఏడిపిస్తూ ఉంటాడు.

"రెండు వేషాలకీ మీరే చెప్పాలి. అలాగే కదా అనుకున్నాం? మరి దానికి నా గొంతు ఎలా వచ్చింది?"

"రాత్రి అడగలేదే ఈ మాట?"

రాత్రి ఎందుకు అడగలేదో ఇద్దరికీ తెలుసు.

షూటింగులో నటులు మాట్లాడింది ఏదో ఒక మోస్తరుగా రికార్డవుతుంది. దాన్ని పైలట్ ట్రాక్ అంటారు. డబ్బింగ్ చెప్పేవాళ్ళకి ఆనవాలుగా పనికొస్తుంది, పని కాగానే చెరిపేస్తారు. ఇన్నేళ్ళూ ఆమె నవ్వింది, ఏడ్చింది, బతిమాలింది అంతా అలాగే చెరిగిపోయింది. రాత్రి ఎపిసోడ్‌లో ఆ దెయ్యం అద్దంలోంచి బయటికి అడుగుపెట్టి, అసలుదాన్ని అద్దంలోకి తోసేసి, నిద్రపోతున్న పిల్ల మంచం మీద కూర్చుని నోరు తెరిచింది. "లే తల్లీ, ఇక నుంచి నేనే మీ అమ్మని." సొంత గొంతు! హాలంతా పరుచుకున్న సొంత బొంగురు గొంతు! ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని సంతోషంతో ఏడ్చేసింది. భర్త భుజం తట్టాడు. "చెప్పకుండా దాచాను, ఎలా ఉంది?" అని వదిన నవ్వింది. పక్కనే కూర్చున్న పిల్ల వైపు ముగ్గురిలో ఒక్కరంటే ఒక్కరూ చూడలేదు.

"ఎవరి ఆలోచన వదినా అది?"

"నాదే. మైకు ముందు నిలబడి నీ ట్రాక్ విన్నాను. ఒళ్ళు జలదరించింది. నేను తలకిందులుగా నిలబడి చెప్పినా అలా రాదు. ఇది చెరిపెయ్యొద్దు, ఇలాగే ఉంచండి అని డైరెక్టర్ని బతిమాలాను. నీ కోసమే! నా గొంతు ఒక్కసారి బయటికి రానివ్వరా అని నా దగ్గర ఎన్నిసార్లు ఏడవలేదు నువ్వు?"

"వచ్చింది. దెయ్యానికి వచ్చింది."

"వేషం వేషమే కదా అమ్మాయ్!"

"మంచిదానికి మీ గొంతు, దెయ్యానికి నా గొంతు. ఇంట్లో చూస్తే పసిపిల్ల. రోజూ దానికి కథలు చెప్పి పడుకోబెట్టే గొంతు మీది. ఈ సంగతి మీకు తట్టలేదా?"

"తట్టలేదు."

"తట్టకేం! తట్టే ఉంటుంది."

వదిన గ్లాసు ఠపీమని బల్ల మీద పెట్టింది.

"నోటికి ఎంతొస్తే అంత అనకు! నీకు తట్టిందా? వాడికి తట్టిందా? కన్నవాళ్ళు ఇద్దరూ దాని పక్కనే కూర్చున్నారుగా!"

"అక్కా, నువ్వాగు," అన్నాడు గదిలోంచి వచ్చిన భర్త. అంటూనే పెళ్ళాం వైపు తిరిగి, "నువ్వూ ఆగు," అన్నాడు. ఇద్దరూ ఆగలేదు. ఆయన మాటకి ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఆగింది లేదు.

"సరే, నా మీద అంత ప్రేమే ఉంటే, మంచిదానికి నా గొంతు ఉంచి దెయ్యానికి మీరు చెప్పొచ్చుగా?"

వదిన గ్లాసులోకి చూసింది. ఎప్పుడూ ఖంగుమని మోగే ఆ గొంతు వినీ వినబడకుండా పలికింది.

"అప్పుడు నాకేం మిగులుతుంది?"

ఆవిడ గ్లాసు అంచు వేలితో తుడిచింది.

"నీకు మొహం ఉంది. మొగుడున్నాడు, పిల్ల ఉంది. గొంతు కూడా నీదే బాగుందని జనం అన్నాక ఇక నన్ను ఎవడు పిలుస్తాడు? నాకున్నది ఇదొక్కటే కదా." అనేశాక ఆవిడే ఎక్కువ బెదిరిపోయింది. గబగబా లేచి గ్లాసు కడగడానికి వంటింట్లోకి వెళ్ళింది.

ఫోన్ మోగింది. డైరెక్టర్. ఆయన ఎప్పుడూ పలకరింపుల జోలికి పోడు.

"కారు బయల్దేరింది, రెడీగా ఉండండి. రాత్రి నుంచీ జనం ఆ గొంతు గురించే మాట్లాడుకుంటున్నారు. ఇక దాన్ని అద్దంలోకి పంపేది లేదు, ఇంట్లోనే ఉంటుంది. ఇకనుంచి కథంతా దానిదే. డబ్బింగ్ కూడా మీరే చెప్పుకుందురుగాని, సరేనా?"

"సరే సార్," అంది ఆమె అలవాటు కొద్దీ.

ఈ ఒక్క మాట కోసం ఏళ్ళ తరబడి కాచుకుంది. నిన్న చెప్పి ఉంటే ఎగిరి గంతేసేది. ఇప్పుడు మాత్రం ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేసింది.

"సరే అన్నావా?" భర్త అడిగాడు.

"అన్నాను."

"పిల్లని ఇలా వదిలేసి వెళ్తావా? ఇవాళ నువ్వు ఆ గుమ్మం దాటితే అది నిన్ను ఇక దగ్గరికి రానిస్తుందా?"

"కారు వచ్చేలోపు దాన్ని దారికి తెచ్చుకుంటాను. నా కూతురు నా దగ్గరికి రాకుండా ఎక్కడికి పోతుంది?"

ధీమాగానే అంది. గది దాకా నడిచేసరికి ఆ ధీమా కాస్తా జావకారిపోయింది. లోపలికి వెళ్ళకుండా గుమ్మంలోనే నేల మీద చతికిలబడింది.

"పిచుకా, నేను లోపలికి రాను. ఇక్కడే కూర్చుంటాను. ఒక్క మాట చెప్పు. నేను ఎప్పుడు మారిపోయాను? నిన్ననా?"

"ఊహూ."

"మొన్ననా?"

"నువ్వు ఎప్పుడూ అదే," అంది పిచుక. అరవలేదు. రాత్రంతా ఆలోచించి తేల్చుకున్న లెక్క అది, పిల్ల మొహంలో అనుమానం అన్నది లేదు. "మా అమ్మ టీవీలో ఉంటుంది. వాళ్ళ పాపకి రోజూ జడ వేస్తుంది. తిట్టదు. నువ్వు పొద్దున్నే వెళ్ళిపోతావు. వచ్చి, తలనొప్పిగా ఉంది అవతలికి పో అంటావు."

అన్నది. ఎన్నోసార్లు అన్నది. ఈ గొంతుతోనే అన్నది. దానికి ఏ యాక్టింగ్ అని సర్దిచెప్పగలదు? తల గోడకి ఆనించింది. ఏడిస్తే పిల్ల ఇంకా భయపడుతుందని ఏడుపు కూడా దిగమింగుకుంది.

"మరి మీ అమ్మ వస్తే వెళ్తావా ఆవిడ దగ్గరికి?"

"ఆ."

"వచ్చింది ఆవిడేనని నీకెలా తెలుస్తుంది?"

"మొహం నీదే ఉంటుంది," అంది పిచుక, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. "మంచి గొంతుతో మాట్లాడుతుంది."

హీరోయిన్ లేచి తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. వదిన కడిగిన గ్లాసునే మళ్ళీ కడుగుతోంది.

"వదినా, ఆ గది గుమ్మం కర్టెన్ వెనకాల నిలబడండి."

వదినకి ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. చెయ్యి తుడుచుకుంటూ తల అడ్డంగా ఊపింది.

"వద్దు అమ్మాయ్."

"ఒక్కసారి. దాన్ని ఒక్కసారి దగ్గరికి తీసుకోనివ్వండి. ఆ తర్వాత నా పాట్లు నేను పడతాను."

"ఇది షూటింగు కాదు. తెర మీద నీ పెదాలు కనబడతాయి కాబట్టి చెప్పగలిగాను. కర్టెన్ వెనక నాకేం కనబడుతుంది?"

"మీరు నా పెదాలు అందుకోనక్కర్లేదు. నేనే మీ మాట అందుకుంటాను. మీరు ఎక్కడ ఊపిరి పీల్చుకుంటారో నాకు తెలియదా?"

"పిల్లని మోసం చేస్తున్నారు ఇద్దరూ," అన్నాడు వెనకనుంచి భర్త.

"మీ దగ్గర ఇంకో దారి ఉంటే చెప్పండి."

ఆయన వంటింటి గుమ్మం వదిలి దారిచ్చాడు.

ఏం చెప్పాలో అక్కడే అనుకున్నారు. *అద్దంలోంచి వచ్చేశానమ్మా. అది వెళ్ళిపోయింది. రా.* "అంతే వదినా. అంతకి మించి ఒక్క ముక్క కూడా వద్దు," అంది హీరోయిన్. వదిన సరేనంది. ఆవిడ కళ్ళు అప్పటికే ఎర్రబడి ఉన్నాయి.

అత్త బయటికి వెళ్ళిందని పిచుక అనుకోవాలని భర్తకి కూడా ఒక వేషం ఇచ్చారు. "అక్కా! కూరగాయలు తీసుకుని తొందరగా వచ్చెయ్యి!" అని వీధి గుమ్మం దగ్గర నిలబడి కేకేసి, తలుపు ధడాలున వేశాడు. జన్మలో ఆయన అంత గట్టిగా మాట్లాడింది లేదు. ఆ ఇంట్లో నటన రానిది ఆయనొక్కడికే అని మరోసారి రుజువైంది. అదృష్టం కొద్దీ పిచుక పట్టించుకోలేదు.

హీరోయిన్ మొహం కడుక్కుంది, జుట్టు వదులుగా ముడి వేసుకుంది, టీవీలో ఉన్నట్టు. కర్టెన్ తొలగించుకుని గదిలోకి ఒక్క అడుగు వేసి, వీపు కర్టెన్‌కి ఆనేలా నిలబడింది. వదిన ఊపిరి గుడ్డలోంచి భుజానికి తగులుతోంది.

వదిన ఊపిరి పీల్చుకుంది. హీరోయిన్ పెదాలు విప్పింది.

"పిచుకా! అద్దంలోంచి వచ్చేశానమ్మా."

మెత్తగా, తేటగా, ప్రతి రాత్రీ పిల్లని నిద్రపుచ్చే గొంతు. పిచుక తల విసురుగా ఇటు తిరిగింది.

"అది వెళ్ళిపోయింది. రా."

పిల్ల మోకాళ్ళ మీద లేచింది. మంచం కోడు పట్టుకుంది. మొహం చూసింది, పెదాలు చూసింది. నమ్మాలని దానికి ఎంత ఉందో ఆ చూపులోనే తెలుస్తోంది. ఉన్నట్టుండి "అమ్మా!" అని కేకపెట్టి ఒక్క ఉరుకున వచ్చి మీద పడింది.

హీరోయిన్ కర్టెన్ కిందే కూలబడి పిల్లని ఒడిలోకి లాక్కుంది. చెమట పట్టిన ఆ చిన్న మెడ, నిన్నటి జడలో చిక్కుపడ్డ వెంట్రుకలు, గుండెకి గుండె తగిలి దడదడలాడటం. హాయిగా ఉంది. ప్రాణం లేచివచ్చింది. నా తల్లీ, నా బంగారూ అని నోరారా పిలవాలనుంది. దవడలు బిగించి ఊరుకుంది. పిలిస్తే పోతుంది.

"అద్దంలో చీకటిగా ఉందా అమ్మా?"

"ఉందమ్మా," అంది గొంతు. పెదాలు అందుకున్నాయి. ఇది అనుకున్న మాట కాదు గాని, తప్పదు.

"నేను పిలిస్తే వినపడిందా?"

"వినపడింది."

పిచుక మెడ చుట్టూ చేతులు వదిలి కొంచెం వెనక్కి జరిగింది. కళ్ళలోకి చూడటం లేదు. పెదాల వంకే చూస్తోంది.

"మళ్ళీ షూటింగుకి వెళ్తావా?"

ఆమె పిల్లని మళ్ళీ దగ్గరికి లాక్కోబోయింది.

"వెళ్తే అది నిన్ను మళ్ళీ లోపల పెట్టేస్తుంది. ఇంటికి అదే వస్తుంది. నాకు తెలుసు. వెళ్తావా అమ్మా?"

చెప్పాల్సిన జవాబు ఆమె దగ్గర సిద్ధంగా ఉంది. వెళ్తానమ్మా, సాయంత్రానికల్లా వచ్చేస్తాను, వచ్చేది నేనే, భయం లేదు. ఆ మాటలన్నీ గొంతు దాకా వచ్చి అక్కడే ఆగాయి. వదినకి సైగ అందాలని భుజంతో కర్టెన్‌ని వెనక్కి నొక్కింది. అవతలనుంచి ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది.

"వెళ్ళనమ్మా," అంది గొంతు. "ఇంక ఎప్పుడూ వెళ్ళను. నీ దగ్గరే ఉంటాను."

ఇన్నేళ్ళూ ఆ గొంతు ఆమె పెదాల వెంటే నడిచింది. ఆమె ఆగిన చోట ఆగింది, ఆమె వెక్కిన చోట వెక్కింది. ఇవాళ ఆమె పెదాలు దాని వెంట నడిచాయి. ఒక్క అక్షరం తప్పలేదు. కదిలాయన్న సంగతి కదిలిపోయాకే ఆమెకి తెలిసింది.

ఎందుకన్నది వదిన ఆ మాట? పిల్ల మీద జాలితోనా? తనకేం మిగులుతుందన్న బెంగతోనా? ఆ గొంతులో ఏడుపు జీర ఉంది. ఏడుపు పలికించడం ఆవిడ వృత్తి, ఏది నిజమో ఎలా పోల్చుకోవడం? కర్టెన్ లాగి పడేసి, "ఏమిటి వదినా ఇది!" అని అరవాలనిపించింది హీరోయిన్‌కి. ఒళ్ళు మండిపోతోంది. ఒడిలో పిల్ల నవ్వుతోంది.

"నిజంగా?"

"నిజంగా," అంది గొంతు.

"అలా కాదు. చేతిలో చెయ్యేసి చెప్పు."

పిచుక అరచెయ్యి చాచింది.

కర్టెన్ వెనక చడీచప్పుడూ లేదు. వీధిలో కారు వచ్చి ఆగింది. హారన్ మోగింది. హాల్లో భర్త లేచి తలుపు దాకా వెళ్ళి, తియ్యాలో వద్దో తెలియక అక్కడే నిలబడిపోయిన సంగతి అడుగుల చప్పుడులో తెలుస్తూనే ఉంది. హారన్ మళ్ళీ మోగింది, ఈసారి విసుగ్గా.

"వెయ్యి అమ్మా," అంది పిచుక.

గొంతంటే వదిన అరువిచ్చింది. ఈ చెయ్యి ఆవిడ ఇవ్వగలిగేది కాదు. హీరోయిన్ చెయ్యి ఇంకా పిల్ల వీపు మీదే ఉంది. ఆమె దాన్ని అక్కణ్ణుంచి కదపలేదు.